హెడ్‌ఫోన్‌కి ఆంప్ కావాలా? ముందు లెక్క వేద్దాం

పోయిన సంవత్సరం మా సీనియర్ అన్న ఒకాయన కాలేజీ వదిలి వెళ్తూ తన హెడ్‌ఫోన్ నాకు సగం ధరకి ఇచ్చేశాడు. సెన్‌హైజర్ హెచ్‌డీ 650. ఇస్తూ ఒక మాట చెప్పాడు: "తమ్ముడూ, దీనికి మంచి ఆంప్ పెట్టుకో. ఉత్త ఫోన్‌కి తగిలించి వింటే దండగే."

రూమ్‌కొచ్చి, ఫోన్‌కి నా పాత డాంగిల్ తగిలించి, మాయాబజార్ పాట ఒకటి పెట్టాను. వాల్యూమ్ ఫుల్. అయినా ఎక్కడో రెండు వీధుల అవతల పెళ్ళి పందిట్లో పాట వేసినట్టుంది. అన్న చెప్పింది నిజమే అనుకున్నా. జూనియర్లకి పైథాన్ చెప్పి దాచుకున్న 18 వేలు ఉన్నాయి. సరిగ్గా ఆ ధరలోనే ఉన్న ఒక డెస్క్‌టాప్ ఆంప్‌ని కార్ట్‌లో వేశాను.

డబ్బు కట్టబోతుంటే మా రూమ్మేట్ చూశాడు. వాడిది ఈసీఈ. "దానికి ఎన్ని వోల్టులు కావాల్రా?" అన్నాడు.

"తెలీదు."

"తెలీకుండానే 18 వేలు పెడుతున్నావా?"

ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో తెలుసుకున్నది మీకు పది నిమిషాల్లో చెప్తాను. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే చాలు. గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, మన హాస్టల్ నీళ్ళ ట్యాంకు గుర్తుంటే చాలు.

పాట చెవి దాకా వచ్చే దారి

పాట ముందు ఒక ఫైల్. అంటే వరసగా పేర్చిన అంకెలు. ఆ అంకెల్ని విద్యుత్ తరంగంగా మార్చే చిప్‌ని డాక్ అంటారు. ఆ తరంగం చాలా బలహీనంగా ఉంటుంది, దానికి బలమిచ్చేది ఆంప్లిఫయర్, మన భాషలో ఆంప్. ఆ బలంతో హెడ్‌ఫోన్‌లోని పల్చటి పొర కదిలితే శబ్దం పుడుతుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు (నేనూ పడ్డాను). డాక్, ఆంప్ అంటే విడివిడిగా కొనుక్కునే రెండు డబ్బాలు అనుకుంటాం. నిజానికి మీ ల్యాప్‌టాప్ జాక్ వెనకాల ఆ రెండూ ఉన్నాయి. వేలెడంత డాంగిల్‌లో కూడా రెండూ ఉంటాయి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ అయితే రెండూ హెడ్‌ఫోన్ లోపలే ఉంటాయి, కాబట్టి బ్లూటూత్‌లో వినేవాళ్ళకి బయట ఆంప్ కొనాల్సిన పనే లేదు. అందువల్ల అసలు ప్రశ్న "ఆంప్ ఉందా?" అని కాదు. "ఉన్న ఆంప్ ఈ హెడ్‌ఫోన్‌కి సరిపోతుందా?" అని.

రెండు అంకెలు చాలు

ఏ హెడ్‌ఫోన్ స్పెసిఫికేషన్ షీట్ తీసినా రెండు అంకెలు వెతకండి. ఒకటి ఇంపిడెన్స్, ఓంలలో. రెండోది సెన్సిటివిటీ, డెసిబెల్స్‌లో.

ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే నీళ్ళు అంత ఒత్తిడితో వస్తాయి కదా, ఆ ఎత్తే వోల్టేజ్. పైపు ఎంత సన్నగా ఉందో ఇంపిడెన్స్. నీళ్ళు ఎంత వస్తున్నాయో కరెంట్. సన్న పైపులోంచి నీళ్ళు రావాలంటే ట్యాంకు ఎత్తుగా ఉండాలి. లావు పైపు అయితే ఎత్తు అక్కర్లేదు గానీ, ట్యాంకులో నీళ్ళు సమృద్ధిగా ఉండాలి.

సెన్సిటివిటీ అంటే ఇంత ఇస్తే ఇంత శబ్దం వస్తుంది అని చెప్పే అంకె. ఇక్కడ జాగ్రత్త. కొన్ని కంపెనీలు ఒక వోల్టుకి ఎంత అని రాస్తాయి, కొన్ని ఒక మిల్లీవాట్‌కి ఎంత అని రాస్తాయి. ఆ రెండూ ఒకటి కాదు. చూడకుండా పోలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

హెచ్‌డీ 650 తీసుకుందాం. 300 ఓంలు. ఒక వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్. ఇప్పుడు మనకి ఎంత కావాలి? పాట సగటున 80 డెసిబెల్స్ దగ్గర వినిపిస్తే హాయిగా ఉంటుంది. కానీ పాటంతా ఒకే స్థాయిలో ఉండదు. మృదంగం మీద ఒక్క దెబ్బ పడితే సగటు కంటే 20 డెసిబెల్స్ పైకి ఎగరొచ్చు. కొంచెం మిగులు కూడా ఉంచుకుని, క్షణకాలపు శిఖరాలకి 110 డెసిబెల్స్ చాలు అనుకుందాం. 103 నుంచి 110కి 7 డెసిబెల్స్ తేడా. వోల్టేజ్‌లో చూస్తే 10 ఘాతం (7/20), అంటే 2.24 రెట్లు. కావాల్సింది 2.24 వోల్టులు. దాన్ని 300తో భాగిస్తే కరెంట్ 7.5 మిల్లీఆంపియర్లు. అంతే!

ఇప్పుడు ఇంకో రకం. హైఫైమాన్ సుందర, ప్లానార్ హెడ్‌ఫోన్. 37 ఓంలు, మిల్లీవాట్‌కి 94 డెసిబెల్స్. 110 రావాలంటే 16 డెసిబెల్స్ ఎక్కువ, అంటే 40 మిల్లీవాట్లు. లెక్క వేస్తే 1.2 వోల్టులు, 33 మిల్లీఆంపియర్లు. చూశారా? వోల్టేజ్ దాదాపు సగమే, కానీ కరెంట్ నాలుగు రెట్లకి పైన. "ఓంలు తక్కువ కాబట్టి ఫోన్‌తో ఈజీగా మోగుతుంది" అనే మాట అందుకే సగం నిజం. ఒకదానికి ఎత్తైన ట్యాంకు కావాలి, ఇంకోదానికి నిండు ట్యాంకు కావాలి.

ఇంకొక్క విషయం. శబ్దం మనకి రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పవర్ పదిరెట్లు కావాలి. పవర్ రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. ప్రకటనలో "రెట్టింపు పవర్" అని కనిపిస్తే ఈ 3 గుర్తు తెచ్చుకోండి.

మల్టీమీటర్ చెప్పిన నిజం

రూమ్మేట్ దగ్గర మల్టీమీటర్ ఉంది. 50 హెర్ట్జ్ సైన్ టోన్‌ని ఫుల్ స్కేల్‌లో తయారుచేసి, ఫోన్ వాల్యూమ్ ఫుల్ పెట్టి, నా పాత డాంగిల్ అవుట్‌పుట్ కొలిచాం. (50 హెర్ట్జ్ ఎందుకంటే మామూలు మల్టీమీటర్లు మన ఇంటి కరెంటు ఫ్రీక్వెన్సీ దగ్గర సరిగ్గా చూపిస్తాయి.) 0.45 వోల్టులు వచ్చింది. అంటే గరిష్ఠంగా 96 డెసిబెల్స్. పాత రికార్డింగుల్లో సగటు స్థాయి శిఖరం కంటే 25 డెసిబెల్స్ కింద ఉండటం మామూలే. 96లోంచి 25 తీసేస్తే 71. పైన ఫ్యాన్ ఐదులో తిరుగుతోంది. పైగా ఇది ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్, వెనక జాలీ ఉంటుంది, బయటి శబ్దం నేరుగా లోపలికి వస్తుంది. పెళ్ళి పందిరి రహస్యం అదన్నమాట.

మరి పరిష్కారం 18 వేల ఆంపేనా? 2 వోల్టులిచ్చే డాంగిల్ పెడితే 109 డెసిబెల్స్ వస్తుంది. పాతదానికంటే 13 డెసిబెల్స్ ఎక్కువ. అలాంటిది నాకు 2,600 రూపాయలకి దొరికింది. నేను కార్ట్‌లో వేసిన ఆంప్ 5 వోల్టులిస్తుంది, అంటే 117 డెసిబెల్స్. ఆ పై 8 డెసిబెల్స్‌కి 15 వేలు కట్టి, జన్మలో ఒక్కసారి కూడా వాడకూడదు. ఎందుకు వాడకూడదో చివర్లో చెప్తా.

మూడో అంకె: అవుట్‌పుట్ ఇంపిడెన్స్

ఇది చాలామంది చూడరు. ఆంప్‌కి కూడా లోపల కొంత ఇంపిడెన్స్ ఉంటుంది. అది హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదని ఒక మోటు సూత్రం. హెచ్‌డీ 650కి అయితే 37 ఓంల దాకా ఫర్వాలేదు. 16 ఓంల ఇయర్‌ఫోన్‌కి మాత్రం 2 ఓంలే.

ఎందుకు? హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. హెచ్‌డీ 650కి పేరుకి 300 ఓంలే గానీ, బాస్ ప్రాంతంలో అది 500 దాకా పోతుంది. దాన్ని 120 ఓంల అవుట్‌పుట్‌కి తగిలించారనుకోండి. 300 దగ్గర వోల్టేజ్‌లో 71 శాతం హెడ్‌ఫోన్‌కి చేరుతుంది, 500 దగ్గర 81 శాతం చేరుతుంది. అంటే బాస్ ఒక డెసిబెల్ లేస్తుంది. "ఈ ఆంప్‌లో బాస్ వెచ్చగా ఉంది" అని పొగిడేది ఒక్కోసారి ఈ భాగహారాన్నే! 120 అంకె నేను ఊరికే అనలేదు. 1996 నాటి ఐఈసీ 61938 ప్రమాణం హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కి 120 ఓంలే సూచించింది. ప్లానార్ హెడ్‌ఫోన్లకి ఇంపిడెన్స్ దాదాపు సమంగా ఉంటుంది కాబట్టి వాటి స్వరం మారదు, శబ్దం మాత్రం తగ్గుతుంది.

మీ ల్యాప్‌టాప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ మీరే కొలవొచ్చు. ఏమీ తగిలించకుండా వోల్టేజ్ చూడండి. తర్వాత 33 ఓంల రెసిస్టర్ అడ్డం పెట్టి చూడండి. మాకు మొదట 1.1 వోల్టులు, తర్వాత 0.34 వచ్చింది. 33 × (1.1/0.34 − 1) = దాదాపు 74 ఓంలు. హెచ్‌డీ 650కి అది పెద్ద గొడవ కాదు. అదే జాక్‌కి సుందర పెడితే 110 కావాల్సిన చోట 99.6 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. మల్టీ డ్రైవర్ ఇయర్‌ఫోన్ పెడితే ఏకంగా దాని స్వరమే మారిపోవచ్చు.

సోర్స్: డాక్ సంగతి

సీడీ 1982లో వచ్చింది. సెకనుకి 44,100 సాంపిల్స్, ఒక్కో సాంపిల్‌కి 16 బిట్లు. నైక్విస్ట్ సూత్రం ప్రకారం 44,100లో సగం, అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకోగలదు. మనిషి చెవి 20 దాటి వినదు. 16 బిట్లంటే 96 డెసిబెల్స్ వ్యత్యాసం. ఫ్యాన్ కింద కూర్చుని వినేవాడికి ఇంతకంటే ఏం కావాలి? 24 బిట్ ఫైళ్ళు రికార్డింగ్ స్టూడియోలో పనికొస్తాయి. వినడానికి 16 చాలు.

ఇవాళ్టి మామూలు డాక్ చిప్‌కి ఈ పని చాలా తేలిక. మరి విడిగా డాక్ ఎప్పుడు కొనాలి? ఈ పరీక్ష చేయండి. పాట ఆపి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మౌస్ కదపండి, పేజీ స్క్రోల్ చేయండి. సన్నగా కీచుమంటోందా? చార్జర్ పెట్టగానే గుంయ్ మంటోందా? అయితే ల్యాప్‌టాప్ లోపలి విద్యుత్ రొద మీ పాటలోకి దూరుతోంది. యూఎస్‌బీ డాంగిల్ పెడితే చాలావరకు పోతుంది. ఏ శబ్దమూ రాకపోతే మీ డాక్ బాగానే ఉంది, జేబు మూసేయండి.

బ్లూటూత్ గురించి రెండు ముక్కలు. సీడీ నాణ్యతకి సెకనుకి 1,411 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్‌లో మామూలు ఎస్‌బీసీ కోడెక్ సాధారణంగా 328 దాకా, ఎల్‌డాక్ 990 దాకా ఇస్తుంది. బస్సులో వినడానికి ధారాళంగా చాలు.

ఒక ఆంప్ కథ కూడా చెప్పాలి. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో ఒక ఇంజనీరు ఓ2 అనే హెడ్‌ఫోన్ ఆంప్ డిజైన్‌ని సర్క్యూట్‌తో సహా, కొలతలతో సహా అందరి ముందూ పెట్టేశాడు. రెండు 9 వోల్టుల బ్యాటరీలతో కూడా నడుస్తుంది, ఎవరైనా కట్టుకోవచ్చు. తన అసలు పేరు చెప్పలేదు. 2012 తర్వాత నిశ్శబ్దమైపోయాడు. ఆయన వాదన ఒక్కటే: శుభ్రమైన ఆంప్ కట్టడం మంత్రవిద్య కాదు, కొలిచి చూపించగల ఇంజనీరింగ్. ఓపెన్ సోర్స్ అంటే మన సీఎస్ఈ వాళ్ళ సొత్తు అనుకునేవాణ్ణి, కాదని అప్పుడు తెలిసింది.

అసలు సోర్స్ పాటే

కొత్త డాంగిల్ వచ్చాక మాయాబజార్ పాటలు మళ్ళీ పెట్టాను. ఇప్పుడు శబ్దం సరిపోయింది. కానీ ఒక పాట ఒక యాప్‌లో ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉంది. ఒకదాంట్లో ఘంటసాల గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. ఇంకోదాంట్లో సన్నటి బుస ఉంది గానీ, గొంతు పక్కనే కూర్చుని పాడినట్టుంది. మూడోదాంట్లో గుడి మంటపంలో పాడినట్టు ప్రతిధ్వని.

ఆ సినిమా 1957లో వచ్చింది. అప్పటి పాట మోనో. అంటే ఎడమ చెవికి, కుడి చెవికి ఒకే సంకేతం వెళ్ళాలి. దీన్ని పరీక్షించడం మనకి ఎంతసేపు? ఫైల్‌ని పైథాన్‌లో తెరిచి ఎడమ చానల్‌లోంచి కుడి చానల్‌ని తీసేశాను. నిజమైన మోనో అయితే మిగిలేది దాదాపు నిశ్శబ్దం. బుస ఉన్న కాపీలో అలాగే వచ్చింది. ప్రతిధ్వని ఉన్న కాపీలో, తీసివేసిన తర్వాత కూడా, ఒక దెయ్యప్పాట మిగిలింది. ఎవరో తర్వాత కలిపిన కృత్రిమ స్టీరియో అదే. దుప్పటి కాపీలో బుసని తీసేయబోయి, దాంతోపాటు హల్లుల అంచులు కూడా కోసేశారు. లీల గొంతులో "స", "శ" లకి తేడా వినిపించడం లేదు.

ఈ మూడు కాపీల మధ్య తేడా మా అమ్మకి ఫోన్ స్పీకర్‌లో వినిపించినా తెలిసింది. ఏ ఆంప్ మార్చినా ఇంత తేడా నేను వినలేదు. ఒకసారి కోసేసిన హల్లుని ఏ ఆంపూ తిరిగి తేలేదు.

కొత్త పాటలకి ఇంకో పరీక్ష ఉంది. "లాస్‌లెస్" అని రాసి ఉన్న ఫైల్‌ని ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్‌గా చూడండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే, ఎవరో 128 కిలోబిట్ల ఎంపీ3ని పెద్ద డబ్బాలో పెట్టి ఇచ్చారని అనుమానించాలి. డబ్బా పెద్దదైతే లోపలి సరుకు పెరగదు.

నా పరువు పోయిన పరీక్ష

ఇంత చదివినా మనసులో ఒక మూల పీకుతూనే ఉంది. ఖరీదైన ఆంప్‌లో ఏదో ఉంటుంది కదా అని. మా కాలేజీలో ఒకరి దగ్గర దాదాపు పాతిక వేల డాక్, ఆంప్ సెట్ ఉంటే ఒక ఆదివారం తెచ్చుకున్నాం. విన్న వెంటనే "అబ్బ, ఇది వేరే లెవెల్" అన్నాను. రూమ్మేట్ ఏమీ అనకుండా మల్టీమీటర్ తీశాడు. నేను "రెండూ సమానం" అనుకుని పెట్టిన వాల్యూమ్‌లో డాంగిల్ 0.320 వోల్టులు, ఆ సెట్ 0.351. అంటే అది 0.8 డెసిబెల్స్ బిగ్గరగా ఉంది. అంత చిన్న తేడా మనకి బిగ్గరగా అనిపించదు, బాగున్నట్టు అనిపిస్తుంది. మొత్తం మోసం అక్కడే ఉంది.

రెండూ సమానం చేశాక నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. వాడు బొమ్మా బొరుసూ వేసి, నా వెనక కేబుల్ మార్చేవాడు. 16 సార్లు. యాదృచ్ఛికం కాదని చెప్పాలంటే 16లో కనీసం 12 సరిగ్గా రావాలి, ఎందుకంటే గుడ్డిగా చెప్తే 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చే అవకాశం 4 శాతం లోపే. నాకు 9 వచ్చాయి. గుడ్డిగా చెప్పినా అంత స్కోరు రావడానికి 40 శాతం అవకాశం ఉంది.

దీంతో ఆంపులన్నీ ఒకటే అని తేలిపోదు. కేబుల్ మార్చడానికి కొన్ని సెకన్లు పట్టింది, చెవులు నావి, హెడ్‌ఫోన్ ఒకటే. ట్యూబ్ ఆంపుల్లో కొన్నింటికి అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువ, అవి నిజంగానే వేరుగా వినిపిస్తాయి. కానీ నాకు, ఈ హెడ్‌ఫోన్‌కి, ఆ పాతిక వేలలో వినిపించేదేమీ లేదు. అది తెలుసుకోవడానికి ఖర్చయింది ఒక ఆదివారం.

చివరి లెక్క

ఇక నిజంగా భయపడ్డ విషయం. కొత్త డాంగిల్ వచ్చిన రెండు వారాలకి, రాత్రి పడుకున్నాక చెవుల్లో గుయ్‌మని రొద మొదలైంది. ఏంట్రా అని, నేను రోజూ వినే వాల్యూమ్‌ని అలాగే ఉంచి, పాట సగటు స్థాయికి సమానమైన టోన్ పెట్టి కొలిచాం. 0.2 వోల్టులు. అంటే సగటున 89 డెసిబెల్స్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే హద్దు: వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. వారానికి ఐదు గంటలు! నేను రోజుకి నాలుగు గంటలు వింటున్నాను. తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు. ఫ్యాన్ శబ్దాన్ని గెలవాలని తెలీకుండానే వాల్యూమ్ పెంచుకుంటూ పోయాను.

ఇప్పుడు పగలు రూమ్‌లో క్లోజ్డ్ బ్యాక్ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను. హెచ్‌డీ 650ని తెల్లవారుజామున, ఫ్యాన్ ఆపి, సగటు 80 దగ్గర వింటాను. రొద పది రోజుల్లో తగ్గింది. మీకు అలాంటిది వచ్చి తగ్గకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. హెడ్‌ఫోన్ పాడైతే ఇంకోటి కొనొచ్చు.

80 డెసిబెల్స్‌కి హెచ్‌డీ 650 అడిగేది ఎంతో తెలుసా? 0.07 వోల్టులు. శిఖరాలు 20 డెసిబెల్స్ పైకి వెళ్ళినా 0.7.

కొనేముందు

మొత్తం వ్యాసం ఓపిక లేనివాళ్ళకి, వరసగా:

1. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్, సెన్సిటివిటీ రాసుకోండి. వోల్టుకా, మిల్లీవాట్‌కా చూడండి.
2. 110 డెసిబెల్స్‌కి ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీఆంపియర్లు కావాలో లెక్క వేయండి. మీ ఫోన్ గానీ, డాంగిల్ గానీ అంత ఇస్తుంటే ఆంప్ అక్కర్లేదు.
3. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎనిమిదో వంతు లోపు ఉందా చూడండి.
4. పాట ఆపినప్పుడు రొద వస్తే డాక్ మార్చండి. రాకపోతే వదిలేయండి.
5. సున్నితమైన ఇయర్‌ఫోన్‌కి పెద్ద ఆంప్ పెట్టకండి. బుస వినిపిస్తుంది, వాల్యూమ్ నాబ్ వెంట్రుకవాసి తిప్పినా చెవులు బద్దలవుతాయి.
6. డబ్బు మిగిలితే ముందు మంచి హెడ్‌ఫోన్ మీద పెట్టండి. టైమ్ మిగిలితే మంచి కాపీ వెతకడం మీద పెట్టండి.
7. రెండింటిని పోల్చేముందు శబ్దం సమానం చేయండి. చూడకుండా వినండి.

ఆ 18 వేల ఆంప్ ఇంకా కార్ట్‌లోనే ఉంది. అప్పుడప్పుడూ తెరిచి చూస్తుంటాను, అబద్ధం చెప్పను. "5 వోల్టులు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. 0.07 అనుకుని మూసేస్తాను.